వెల పెరిగినకొద్దీ నాదము పెరుగునా?

మాచర్ల నుండి ఒక విద్యార్థిని మాకు లేఖ వ్రాసినది. లేఖ చిన్నదే గాని, అందులోని ప్రశ్న చిన్నది కాదు. పాఠములు వినుటకును, తీరిక వేళ పాటలు వినుటకును ఆమె ఒక హెడ్‌ఫోను కొనదలచినదట. అంగడివారు ఆరు వందల రూపాయల దానిని ఒకటి, ఎనిమిది వేల రూపాయల దానిని ఒకటి చూపించిరట. రెండింటిని తగిలించుకొని విన్నదట. "ఎనిమిది వేలదే బాగున్నట్లు తోచినది. కాని అది నిజముగా బాగున్నదో, వెల ముందే తెలియుటచేత నాకట్లు తోచినదో తేల్చుకొనలేకపోయితిని. మిరప అమ్మిన తరువాత కొనిపెట్టెదనని మా నాన్నగారు చెప్పినారు. ఆయనచేత ఎనిమిది వేలు ఖర్చు పెట్టించవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ఈ లేఖ చదివి మేము కొంతసేపు ఊరకుంటిమి. ఇరువది సంవత్సరములుగా హెడ్‌ఫోను చెవులనుండి తీయకుండ పనిచేయువారము. వెంటనే సమాధానము చెప్పగలమనియే ఎవరైనను అనుకొందురు. కాని తన చెవిని తాను శంకించుకొన్న ఆ బాలికకు, మా చెవిని మేము శంకింపక చేసిన తప్పును ముందుగా చెప్పుకొనుట న్యాయము.

కార్తీక అమావాస్యతో కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవములు మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో అవి ఐదు దినములు సాగును. నాగులేటి ఒడ్డున 12వ శతాబ్దిలో జరిగిన యుద్ధకథను వీరవిద్యావంతులు గానము చేయుదురు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చు వేయించిరి. అమెరికా పండితుడు జీన్ రోఘైర్, అలిసెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను టేపుపై ఎక్కించి, ఆంగ్లానువాదముతో 1982లో గ్రంథముగా ప్రకటించెను. అచ్చులో కథ నిలుచును, గొంతు నిలువదు. గొంతును నిలుపవలసినవి మావంటివారి చేతిలోని యంత్రములే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆ గానమును రికార్డు చేయుటకు మేము వెళ్ళితిమి. బయలుదేరిన దినముననే మా హెడ్‌ఫోను తీగ తెగినది. దారిలో ఒక అంగడిలో దొరికిన చవక హెడ్‌ఫోనును కొని పని గడుపుకొంటిమి. రాత్రి పాట మొదలైనది. పంబ దెబ్బ మా చెవులలో ఉరుమువలె మ్రోగినది. "పంబ మరీ దగ్గరగా ఉన్నది, గాయకుని మాట మునిగిపోవును" అనుకొని, మైకును పంబకు దూరముగా జరిపితిమి. మరునాడు స్టూడియోలో స్పీకరుపై వినగా ఆ పంబ డొల్ల డబ్బావలె పలికినది. తప్పు పంబది కాదు, మైకుది కాదు. మేము పెట్టుకొన్న హెడ్‌ఫోను మంద్రధ్వనులను తనంతట తాను పెంచి, లేని బరువును ఉన్నట్లు వినిపించినది. మేము నమ్మితిమి. ఆ గాయకుడు మరల పాడవచ్చును. ఆ రాత్రి పాడిన పాట మరల రాదు.

చవక వస్తువు కొన్నందుకు తగిన శాస్తి జరిగినదని చాల కాలము అనుకొంటిమి. తరువాత ఒకనాడు, యువకులు మోజుపడి కొను ఒక ఖరీదైన హెడ్‌ఫోనుతో మరియొక పంబ రికార్డును వింటిమి. అదియు పంబను అట్లే ఉబ్బించి వినిపించినది! అప్పుడు మాకు తెలిసివచ్చినది: మమ్ము మోసగించినది వెల తక్కువతనము కాదు, ఉన్న ధ్వనిని ఉన్నట్లు చెప్పని గుణము. ఆ గుణము ఆరు వందల వస్తువులోను ఉండవచ్చును, ఇరువది వేల వస్తువులోను ఉండవచ్చును.

ఇది ఎట్లు సంభవించునో తెలియవలెనన్నచో హెడ్‌ఫోను లోపల ఏమున్నదో కొంచెము చూడవలెను. హెడ్‌ఫోను అనగా చెవికి ఆనించిన చిన్న స్పీకరే. సాధారణమైన హెడ్‌ఫోనులో ఒక పలుచని పొర, ఆ పొరకు అంటించిన సన్నని తీగచుట్ట, దానికి ఎదురుగా ఒక అయస్కాంతము ఉండును. తీగలో విద్యుత్తు మారినకొద్దీ చుట్ట ముందు వెనుకలకు కదలును. చుట్టతో పొర కదలును. పొరతో గాలి కదలును. ఆ గాలి కదలికయే మన చెవిలో శబ్దము.

ఈ వస్తువు క్రొత్తది కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున నెథానియేల్ బాల్డ్విన్ తన వంటయింట తయారుచేసిన హెడ్‌ఫోనులను 1910లో ఆ దేశపు నౌకాదళము కొన్నది. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారములు మొదలుపెట్టిన దినములలో, స్ఫటికపు రేడియో గలవారికి హెడ్‌ఫోను తప్ప వేరు దారి లేదు; ఆ రేడియోకు స్పీకరును మ్రోగించు శక్తి లేదు. 1958లో అమెరికా దేశపు మిల్వాకీ నగరములో జాన్ కాస్ స్టీరియో సంగీతమునకు తగిన హెడ్‌ఫోనును బయటికి తెచ్చెను. 1979లో జపాను నుండి వాక్‌మన్ వచ్చిన తరువాత తేలికయైన హెడ్‌ఫోను వీధిలోనికి నడిచివచ్చినది. నేడు అది జేబులోని ఫోనుకు తోబుట్టువు.

ఇన్ని కోట్ల సంఖ్యలో తయారగు వస్తువునకు పలుచని పొర, తీగచుట్ట, అయస్కాంతము అను మూడును నేడు పెద్ద ఖర్చు కావు. నాదము మంచిచెడ్డలను ఎక్కువగా నిర్ణయించునది వాని మేళవింపు. పొర ఎంత బిగువుగా ఉండవలెను, వెనుక గూటిలో గాలికి ఎంత చోటు ఉండవలెను, చిన్న రంధ్రము ఎక్కడ పెట్టవలెను, చెవిమెత్త ఎంత మందముండవలెను అను లెక్కలే మేళవింపు. వీణకు మంచి పనస కొయ్య తెచ్చినంత మాత్రమున చాలదు. మెట్లు సరిగా కుదరవలెను గదా. ఈ కుదిర్పు తెలిసినవాడు చవక సామగ్రితో మంచి హెడ్‌ఫోను చేయగలడు. తెలియనివాడు, లేక తెలిసియు బేరము కొరకు మంద్రమును ఉబ్బించువాడు, ఖరీదైన సామగ్రితో చెడ్డది చేయగలడు.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనులు ఏ స్వరస్థాయిని ఎంత బిగ్గరగా పలికించుచున్నవో కొలిచిన లెక్కలను తీసికొని, వానిని వాని వెలలతో పోల్చి చూచెను. చెవిని పూర్తిగా కప్పునవి, చెవిపై ఆనునవి, చెవి లోపల దూర్చునవి అను మూడు రకములును అందులో ఉన్నవి. ఆ కొలతకును వెలకును సంబంధము కానరాలేదని ఆయన ప్రకటించెను. అనగా ఎక్కువ వెల పెట్టినవానికి మంచి మేళవింపు దొరకునను పూచీ లేదు. తక్కువ వెల పెట్టినవానికి దొరకదను నియమమును లేదు. అమెరికాలో ఇతర పరిశోధకులు, ముఖ్యముగా షాన్ ఆలివ్ బృందమువారు, వినువారికి పేరును వెలయు తెలియనీయక పరీక్షలు జరిపిరి. మంచి గదిలో మంచి స్పీకరు ఎట్లు వినబడునో దానికి దగ్గరగా పలుకు హెడ్‌ఫోనునే ఎక్కువ మంది మెచ్చుకొందురని వారు 2013 మొదలుగా చూపుచు వచ్చిరి. మెప్పు వట్టి మోజు కాదు; దానికి ఒక పద్ధతి కలదు.

ఇక మంచి పలుకుబడి అనగానేమి? యువకుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. వయస్సు పెరిగినకొద్దీ పైమెట్లు తరుగును. నలుబది దాటిన మేము పైమెట్టులను గూర్చి గొప్పలు చెప్పుకొనుట తగదు. ఈ విశాలమైన శ్రేణిని లెక్కలతో గాక వీరవిద్యావంతుల మేళముతోనే తెలిసికొందము. పల్నాటివారికి ఇంతకు మించిన పరీక్షాసాధనము లేదు.

పంబ దెబ్బలోని బరువు క్రిందిమెట్లలో, సుమారు 200 కంపనములకు లోపల ఉండును. అది మొత్తముగా గాక, కొట్టిన క్షణమున పుట్టి, వెంటనే అణగిపోవలెను. దెబ్బకు దెబ్బకు నడుమ నిశ్శబ్దము వినబడినచో మంచి హెడ్‌ఫోను. నడుమ "హుం" అను మ్రోత మిగిలినచో, అది పంబది కాదు, యంత్రముది. గాయకుని గొంతు నడిమిమెట్లలో ఉండును. గొంతు తలుపు చాటునుండి వచ్చినట్లుండకూడదు. డబ్బాలోనుండి వచ్చినట్లును ఉండకూడదు. స, శ, చ మొదలగు అక్షరముల పదును ఇంకను పైమెట్లలో, 4,000 మొదలు 8,000 వరకు గల ప్రాంతమున ఎక్కువగా ఉండును. అది తక్కువైనచో మాట మొద్దుబారును. ఎక్కువైనచో ప్రతి సకారము సూదివలె గుచ్చును. తాళము చప్పుడు అంతకు పైమెట్ల వరకు వ్యాపించును. తాళము తాకిన చప్పుడే గాక, అది సన్నగిల్లి ఆగువరకు వినబడవలెను. తిత్తి ఊదినప్పుడు వచ్చు ఎడతెగని శ్రుతి మరియొక పరీక్ష. పంబ మ్రోగిన ప్రతిమారు ఆ శ్రుతి మునిగి లేచుచున్నట్లున్నచో, క్రిందిమెట్టు పైమెట్లను కప్పివేయుచున్నదన్నమాట. చెవికి ఇట్టి స్వభావము కలదు: గట్టి మంద్రము తనకు పైనున్న సన్నని ధ్వనులను మరుగుపరచును. పంబను ఉబ్బించు హెడ్‌ఫోను కథలోని మాటను దొంగిలించునది ఇందువలననే.

ఇట్లు ఏమి వినవలెనో తెలిసినది. ఎట్లు పోల్చవలెననునది మిగిలినది. ఇందులోనే నూటికి తొంబదిమంది పొరపడుదురు. పల్నాటి కథలో బ్రహ్మనాయుని కోడికిని నాగమ్మ కోడికిని జరిగిన పోరు తెలియనివారు లేరు. ఆ పోరులో మాచర్లవారు ఓడి ఏడు సంవత్సరములు నాడు విడిచిపోయిరనియు, ఆ గెలుపు మోసముచే వచ్చినదనియు కథ. అంగడిలో జరుగు హెడ్‌ఫోనుల పోటీయు తరచుగా అట్టి కోడిపోరే. మోసము చేయువాడు అంగడివాడు కానక్కరలేదు. మన చెవియే మనలను మోసగించును.

మొదటి మోసము బిగ్గరతనము. రెండు హెడ్‌ఫోనులను ఒకే ఫోనుకు తగిలించి, శబ్దపు గుర్తును మార్చక వినినచో, రెండును సమానముగా మ్రోగవు. ఒకటి స్వభావముచేతనే కొంచెము బిగ్గరగా పలుకును. ఆ కొంచెము తేడాను మన మనస్సు "బిగ్గర" అని చెప్పదు. "స్పష్టము", "నిండు" అని చెప్పును. దీనికి కారణము పాతదే. శబ్దము తగ్గినప్పుడు మన చెవికి క్రిందిమెట్లు ఎక్కువగా తగ్గినట్లు తోచునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపిరి. కావున బిగ్గరగా పలుకునది నిండుగా తోచుట సహజము. పోల్చుటకు ముందు రెండింటిని సమానము చేయవలెను. వార్తలవంటి మాట రికార్డును పెట్టి, ఒకదానినుండి మరియొకదానికి పలుమార్లు మారుచు, మాట బలము రెండింట ఒక్కటియేయని తోచువరకు శబ్దమును సవరింపవలెను. పాటతో ఈ సవరణ చేయరాదు. పాట తానే హెచ్చుచు తగ్గుచుండును.

రెండవ మోసము పేరు, వెల. ఇవి తెలిసినంతకాలము చెవి స్వతంత్రముగా తీర్పు చెప్పదు. కన్నులు మూసికొని, హెడ్‌ఫోనును ఇంకొకరిచేత పెట్టించుకొనవలెను, చేతితో తడుమరాదు. బరువు, మెత్త తాకిడి ఎంతో కొంత గుట్టు బయటపెట్టును, నిజమే. ఈ చిక్కు వలననే ఆలివ్ బృందమువారు వేరువేరు హెడ్‌ఫోనుల పలుకుబడిని లెక్కకట్టి, వాని నన్నిటిని ఒకే హెడ్‌ఫోను ద్వారా వినిపించు ఉపాయము 2013లో ప్రకటించిరి. ఇంటిలో మనకు అంత సాధ్యము కాదు గాని, కన్నులు మూసికొన్నను సగము మోసము తొలగును.

మూడవది అమరిక. చెవి లోపల దూర్చు రకములకు వేరువేరు కొలతల రబ్బరు మొనలు ఇత్తురు. మొన వదులుగా ఉన్నచో గాలి తప్పించుకొని మంద్రమంతయు జారిపోవును. చాలమంది పెట్టెలోని చిన్న పెద్ద మొనలను తాకకయే "ఇందులో పంబ వినబడదు" అని పారవేయుదురు. కండ్లజోడు కాడ అడ్డుపడినను, జుట్టు మెత్త క్రింద చిక్కినను, చెవిని కప్పు రకములలో ఇట్లే జరుగును. తీర్పునకు ముందు రెండింటిని సరిగా అమర్చుకొనవలెను.

నాలుగవది వినిపించు మూలము. ఫోనులో మాటలాడునపుడు సామాన్యముగా పాతపద్ధతి లైనులో సుమారు 300 మొదలు 3,400 కంపనముల వరకే ప్రయాణము చేయును. మధ్యతరంగ ప్రసారములో సుమారు 5,000 పైబడినదానికి చోటు తక్కువ. ఎఫ్.ఎం. ప్రసారములో 15,000 వరకు వచ్చును. మూలములో లేని తాళపు సన్నదనమును ఏ వెల పెట్టిన హెడ్‌ఫోనును పుట్టింపజాలదు. చాల బ్లూటూత్ హెడ్‌ఫోనులలో మైకు పనిచేయునపుడు, అనగా తరగతిలో మాటలాడునపుడు, శబ్దము మరింత ఇరుకగును. "వేలు పోసి కొన్నను పాఠము డబ్బాలో చెప్పినట్లున్నది" అని వగచువారు హెడ్‌ఫోనును గాక ఈ ఇరుకు దారిని నిందింపవలెను. పాఠములకు తీగ గలది చవకయు మేలు అనుటకు ఇది ఒక కారణము.

ఈ నియమములతో మేము నరసరావుపేటలో ఒక మిత్రుని ఇంట చిన్న పోటీ పెట్టితిమి. ఆరు వందలది ఒకటి, తొమ్మిది వందలది ఒకటి, ఎనిమిది వేలది ఒకటి. మూడును తీగ గలవే. మిత్రుని ప్రక్క ఇంట పని విరమించిన ఒక డోలు విద్వాంసుడు ఉన్నారు. ఆయనను పిలిచి, కన్నులకు తువ్వాలు కట్టి, పంబయు తాళమును గల మా రికార్డును వినిపించితిమి. తొమ్మిది వందలది తగిలించిన వెంటనే ఆయన తల అడ్డముగా త్రిప్పి, "ఇది దెబ్బ కాదయ్యా, దుప్పటి దులిపినట్లున్నది" అనిరి. ఎన్నిమారులు పెట్టినను దానిని తప్పక పట్టుకొనిరి. ఆరు వందలదానికిని ఎనిమిది వేలదానికిని వచ్చునప్పటికి తీర్పు అంత సులభము కాలేదు. పదిమారులు మార్చి మార్చి పెట్టగా ఆరుమారులు మాత్రమే సరిగా గుర్తించిరి. నాణెము ఎగురవేసి చెప్పినను అయిదు సరిపోవును గదా! పదింట తొమ్మిది గాని, పదియు గాని ఒప్పైనచో నమ్మవచ్చును; ఊరక తగులుటకు అప్పుడు అవకాశము నూటికి ఒకటి మాత్రమే. ఆరునకు అంత బలము లేదు.

తువ్వాలు విప్పి వెలలు చెప్పితిమి. ఆయన నవ్వలేదు. కొంతసేపు ఆలోచించి ఆరు వందలదానిని మరల అడిగి తీసికొని, అరగంట విని, "చెవి వేడెక్కుచున్నది, నాదమునకేమి గాని, దీనితో రాత్రి కథ వినలేము" అనిరి. ఎనిమిది వేలదానిని అరగంట విన్నను అట్టి బాధ లేదనిరి. ఇది న్యాయమైన తీర్పు. వెల కొంత నాదమునకు గాక సుఖమునకు పోవునని ఆ అరగంట మాకు నేర్పినది. ఒక ఇంటిలో ఒక మనిషి చెవితో జరిగిన ఈ పోటీ శాస్త్రము కాదు; కాని ఎవరింట వారు జరుపుకొనదగినది.

వెల ఇంకను దేనికి పోవును? మెత్తని చెవిదిండ్లకు, విరుగని తలపట్టీకి, తెగినచో మార్చుకొనదగు తీగకు, మరమ్మతు పూచీకి, మంచి మైకునకు పోవును. పేరునకును ప్రకటనలకును పోవును. మొదటి నాలుగింటికి ఇచ్చునది దండుగ కాదు. 1991లో వచ్చిన సోనీ వారి ఎండీఆర్-7506 స్టూడియోలలో దశాబ్దములుగా నిలిచి ఉండుటకు కారణము అందచందములు కావు. తేలికతనము, మన్నిక, మాటను దాచని గుణము. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో అను చిన్న హెడ్‌ఫోను చూచుటకు ఆటవస్తువువలె నుండును. వినువారు నేటికిని దానిని మెచ్చుచునే ఉన్నారు. ఇవి వేల మీద వేలు వెలగల వస్తువులతో పాటు పేరు పొందినవి.

వెలతో వచ్చు మరియొక సౌకర్యము బయటి రొదను అణచు ఉపాయము. 1978లో విమానములో ప్రయాణము చేయుచు, ఇంజను హోరులో సంగీతము వినలేక, అమర్ బోస్ అను వంగసంతతి ఆచార్యుడు ఈ ఆలోచన చేసెను. హెడ్‌ఫోనులోని చిన్న మైకు బయటి రొదను విని, దానికి సరిగా ఎదురైన ధ్వనిని పుట్టించి, రెండును ఒకదానినొకటి చంపుకొనునట్లు చేయును. బస్సు ఇంజనువంటి ఎడతెగని మంద్రరొదపై ఇది బాగుగా పనిచేయును. ప్రక్కవారి మాటలపై, హారను మ్రోతపై అంతగా పనిచేయదు. మాచర్ల నుండి నరసరావుపేట మీదుగా గుంటూరునకు దినమును బస్సులో పోవు విద్యార్థికి ఇది విలాసము కాదు. ఎందుకో చెప్పెదము.

బస్సు రొదలో పాట వినబడవలెనని మనము శబ్దమును పెంచుదుము. పెంచినట్లు మనకు తోచదు. రొద దానిని మ్రింగును. లోపలి చెవిలోని సన్నని రోమకణములు మాత్రము ప్రతి లెక్కను వ్రాసికొనుచునే ఉండును. అవి ఒకమారు చచ్చినచో మనుష్యులలో మరల మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము, పెద్దలకు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెల్లుల వరకు వినుట సురక్షితము. శబ్దము 3 డెసిబెల్లులు పెరిగిన ప్రతిమారు కాలము సగమగును: 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కు 5 గంటలు. పిల్లలకు మొదటి హద్దు 75 డెసిబెల్లులే. నూట పది కోట్ల యువకులు ఈ అపాయపు అంచున ఉన్నారని ఆ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించినది. కావున హెడ్‌ఫోనును ఎన్నుకొనునపుడు "ఇది ఎంత బిగ్గరగా మ్రోగును?" అని అడుగుట కంటె, "దీనిని ఎంత మెల్లగా పెట్టినను మాట తెలియును?" అని అడుగుట మేలు. మా మట్టుకు మాకు ఇదియే నాదపరీక్షలలో మొదటిది. రొదను అడ్డగించుటకు యంత్రోపాయమే కానక్కరలేదు. చెవికి చక్కగా కుదిరిన రబ్బరు మొనయు చాలవరకు అడ్డును.

ఇప్పుడు మాచర్ల బాలికకు మా సమాధానము. అమ్మా, వెల నీ చెవిని మోసగించినదేమోనని నీవు శంకించితివి. ఆ శంకయే నీకు ఎనిమిది వేల కంటె విలువైనది. అంగడికి మరల పొమ్ము. నీకు బాగుగా తెలిసిన రికార్డులు మూడు నీ ఫోనులో తీసికొని పొమ్ము: ఒకటి మాట, ఒకటి పాట, ఒకటి డప్పో పంబయో గలది. తోడుగా ఒకరిని తీసికొని పోయి, శబ్దము సమానము చేయించి, కన్నులు మూసికొని, పదిమారులు వినుము. తేడా తప్పక పట్టుకొనగలిగి, అది నీకు నచ్చినచో, ఎనిమిది వేలు అడుగుటలో తప్పు లేదు. పట్టుకొనలేనిచో ఆరు వందలదే నీది. అందు మంద్రము కొంచెము హెచ్చుగా తోచినను, ఫోనులోని స్వర సవరణతో దానిని తగ్గించుకొనవచ్చును. దానికి రూపాయి ఖర్చు లేదు. నీవు దినమును బస్సులో వినుదానవైనచో, నాదము కొరకు గాక రొదను అడ్డుట కొరకు కొంచెము ఎక్కువ పెట్టుము. ఏది కొన్నను ఇరుగుపొరుగు పిలిచిన పిలుపు వినబడునంత మెల్లగా వినుము. తెగిన తీగకు బదులు తీగ ఏ అంగడిలోనైనను దొరకును. చెవికి బదులు దొరకదు.

మా సంగతియు చెప్పి ముగించెదము. ఆ రాత్రి చేసిన తప్పు దిద్దుకొనరానిది. ఆ రికార్డు నేటికిని డొల్ల పంబతోనే మా వద్ద ఉన్నది. దానిని చెరిపివేయలేదు. ఇప్పుడు మేము కారెంపూడికి గాని, గురజాలకు గాని రికార్డు చేయ బయలుదేరినప్పుడు, స్టూడియో స్పీకరుపై మాకు బాగుగా పరిచితమైన రికార్డు ఒకటి వెంట తీసికొని పోవుదుము. ముందుగా దానిని మా హెడ్‌ఫోనులో విని, ఆ దినము అది ఎంత నిజము చెప్పుచున్నదో తెలిసికొని, అటుపిమ్మట మైకును నిలబెట్టుదుము. హెడ్‌ఫోను వెల ఎంతయని ఇప్పుడు మమ్మెవరును అడుగరు. మేమును చెప్పము.